బాపిరాజు దీవుల ఆట

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో కింద చెప్పుల దుకాణం, పైన కోచింగ్ సెంటరు ఉన్న మేడ ఒకటుంది. అక్కడ ఫిజిక్స్ చెప్పే బాపిరాజు పేరు తెలియని ఇంటర్ పిల్లలు ఆ చుట్టుపక్కల తక్కువ. పాఠం మొదలుపెట్టే ముందు ఆయన బోర్డుకి కుడిపక్క పైమూలన, ఆ చాప్టరు నుంచి పరీక్షలో ఎన్ని మార్కులు వస్తాయో రాసేవాడు. మార్కులు ఎక్కువుంటే గొంతు పెరిగేది. తక్కువుంటే "ఇది ఇంటి దగ్గర చూసుకోండమ్మా" అని పేజీ తిప్పేసేవాడు. ఇంద్రధనుస్సులో రంగులు ఆ వరసలోనే ఎందుకుంటాయని ఒకమ్మాయి అడిగితే, "దాన్నుంచి ఈ మధ్య ఏమీ రావట్లేదు" అన్నాడు. చెడ్డవాడు కాదు. పిల్లల టైము వృథా కాకూడదని నిజంగానే తాపత్రయపడేవాడు.

ఆయనది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ చదివి, ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఎల్బీ నగర్ పక్కన మన్సూరాబాద్‌లో ఒక అపార్టుమెంటులో ఇల్లు. భార్య నాగేశ్వరి, ఒక్కతే కూతురు సింధు. ఆ ఇంట్లో మన్ననలు ఎక్కువ. సింధు తండ్రిని "నాన్నగారండీ" అని పిలిచేది, మీరు అనే మాట్లాడేది. బడిలో స్నేహితురాళ్ళతో మాత్రం "ఏందే, గట్లెందుకు జేస్తున్నవ్" అంటూ ఎల్బీ నగర్ పిల్లలాగే ఉండేది. గుమ్మం దాటి లోపలికి రాగానే గోదావరి భాషలోకి మారిపోయేది.

బాపిరాజుకి ఆటలు తెలియవు. చిన్నప్పుడు చదరంగం ఆడేవాడు, గెలిచినంతకాలం. ఊళ్ళోకి సెలవలకొచ్చిన కుర్రాడెవడో వరసగా ఓడించాక, మళ్ళీ బల్ల ముందు కూర్చోలేదు.

కరోనా వచ్చిన ఏడు కోచింగ్ సెంటరు మూతబడింది. పాఠాలన్నీ ఫోనులోనే. ఆ రోజుల్లోనే నాగేశ్వరి తమ్ముడు రాఘవేంద్ర ఉద్యోగం బెంగళూరుకి మారింది. సామాను సర్దుకుంటూ తన వీడియో గేమ్ పెట్టెను మేనకోడలికి ఇచ్చేసి వెళ్ళాడు. సింధు అప్పుడు ఎనిమిదో తరగతి. టీవీకి తగిలించి, అందులో ఉన్న ఆటల్లో ఒకటి మొదలుపెట్టింది. దానికి ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరుంది. ఇంట్లో మాత్రం దీవుల ఆట అనేవారు.

ఓడ మునిగిపోయి ఒక దీవి ఒడ్డుకి కొట్టుకొచ్చిన అమ్మాయి కథ అది. చుట్టూ చాలా దీవులు. వాటిమీద దొంగల గుంపులు, దీపాలు ఆరిపోయిన లైట్‌హౌసులు. అన్ని దీపాలూ వెలిగిస్తే ఆ అమ్మాయికి ఇంటిదారి దొరుకుతుంది. కానీ ఆ కథ జోలికి వెళ్ళకుండా కూడా ఎన్నాళ్ళయినా ఆ లోకంలో బతకొచ్చు. కొండలెక్కొచ్చు, చేపలు పట్టొచ్చు, పడవ చేసుకుని ఎటైనా పోవచ్చు.

ఒక మధ్యాహ్నం బాపిరాజు వెనక నిలబడి కాసేపు చూశాడు.

"ఇందులో గెలవడం ఎలాగమ్మా?"

"గెలవడానికేం లేదండీ. కథ ఒకటుంది, కావాలంటే చెయ్యొచ్చు. నేనింకా మొదలుపెట్టలేదు."

"మరి పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావు?"

"తిరుగుతున్నానండీ" అంది సింధు, అదే పెద్ద పని అన్నట్టు.

తిట్టబోయాడు. ఇంతలో టీవీలో పొద్దు వాలింది. సముద్రం మీద ఎర్రటి వెలుగు, దాని పక్కనే నిండు చంద్రుడు. బాపిరాజు చప్పున కుర్చీ లాక్కున్నాడు.

"ఆగాగు. ఆ చంద్రుణ్ణి మళ్ళీ చూపించు. ఇదేమిటి? నిండు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా కదా ఉండాలి! వీడెవడో ఇద్దర్నీ ఒకే పక్క దింపేస్తున్నాడు."

సింధు పకపకా నవ్వింది. "రోజూ ఇదే తప్పు చేస్తున్నారేమో చూద్దామాండీ?"

అలా మొదలైంది. సాయంత్రం పాఠాలయ్యాక ఇద్దరూ టీవీ ముందు చేరేవారు. రిమోటు ఎప్పుడూ సింధు చేతిలోనే ఉండేది. బాపిరాజు పని చూడటం, దారి అడగటం. ఆటలోని అమ్మాయి మచ్చిక చేసుకున్న బూడిదరంగు గుర్రానికి సింధు మెట్రో అని పేరు పెట్టింది. "మెట్రో ఎక్కుదాం" అనగానే ఇద్దరూ బయల్దేరేవారు. చంద్రుడి తప్పు సరిచూడటానికి ఎత్తయిన కొండ వెతికారు. కొండెక్కితే అవతల లోయలో జలపాతం కనిపించింది. జలపాతం వెనక గుహ, గుహలో ఒంటరిగా బతుకుతున్న ముసలి జాలరి. వాడు చెప్పే కథకి తలా తోకా లేదు. అయినా మూడు సాయంత్రాలు వాడి దగ్గరికే వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో అడిగితే ఇద్దరూ చెప్పలేరు.

ఒకసారి తుఫానులో పడవ తలకిందులైపోతుంటే సింధు అరిచింది. "నువ్వు ఎడమపక్క చూడు నాన్నా, ఒడ్డు ఎక్కడుందో చూడు!"

వంటింట్లోంచి నాగేశ్వరి, "మీరు అనాలమ్మా" అంది.

"పోనీలెద్దూ, మునిగిపోతున్నాం ఇక్కడ" అన్నాడు బాపిరాజు.

ఆ తరవాత ఆట ముందు కూర్చున్నంతసేపూ ఆయన 'నువ్వు' అయిపోయాడు. టీవీ కట్టేయగానే మళ్ళీ 'మీరు'. ఆ ఏర్పాటు ఎవరూ మాట్లాడుకుని చేసుకున్నది కాదు.

కొండ మీద ఒక పాడుబడ్డ ఇల్లు దొరికితే సింధు దాన్ని బాగుచేసింది. లోపల గోడకి అరలున్నాయి. దొరికినవన్నీ అందులో పెట్టుకునేది. ఒక్కో దీవి ఒడ్డు నుంచి ఒక్కో గవ్వ, పగిలిన లాంతరు, పలకని పిల్లనగ్రోవి, చేప బొమ్మ ఉన్న కుండ. అవి ఆటలో దేనికీ పనికిరావు. దుకాణంలో అమ్ముకోవడానికే తప్ప వాటితో ఏమీ చేయలేం. సింధు మాత్రం ఒక్కోదాన్ని చూపించి, "ఇది తుఫాను రోజుది నాన్నా, ఇది నువ్వు దారి తప్పించావే, ఆ రోజుది" అని చెప్పేది.

లాక్‌డౌన్ సడలించాక ఆ తిరుగుడు బయటికి కూడా వచ్చింది. ఆదివారాలు స్కూటరు మీద ఇద్దరూ బయల్దేరేవారు. "ఈ రోడ్డు ఎటు పోతుందో చూద్దాం" అని సింధు అంటే బాపిరాజు బండి తిప్పేవాడు. అలా సాగర్ రింగు రోడ్డు దాటి పోయి పోయి ఒకరోజు నాదర్‌గుల్ చేరారు. అక్కడ విమానం నడపడం నేర్పే చిన్న రన్‌వే ఉంది. కంచె ఇవతల నిలబడి, చిన్న విమానం ఒకటి దిగబోయి మళ్ళీ లేచిపోవడం చూశారు. మొక్కజొన్న కంకులు తిన్నారు. విమానం రెక్క కింద గాలి ఏం చేస్తుందో బాపిరాజు అరచేయి చాపి చూపించాడు. ఎన్ని మార్కుల ప్రశ్నో ఆయనకి గుర్తే రాలేదు. తన జీవితంలో బాగా గడిచిన రోజులేవని ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఆయన ఆ కొద్ది నెలల గురించే చెబుతాడు.

ఆ తరవాత జరిగింది చాలా చిన్న విషయంగా మొదలైంది. సింధు నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళినప్పుడు ఆటని ఆపి వెళ్ళింది. రిమోటు మీద ఏదో మీట నొక్కితే బాపిరాజుకి ఒక కొత్త పేజీ కనిపించింది. దీవుల పటం, దాని కింద అంకెలు. ఇన్ని లైట్‌హౌసుల్లో ఇన్ని, ఇన్ని గుహల్లో ఇన్ని. అన్నిటికీ కలిపి అడుగున, పూర్తయినది పదకొండు శాతం.

"ఇన్నాళ్ళూ ఆడితే పదకొండేనా?" అన్నాడు సింధు రాగానే.

"అది పట్టించుకోకు నాన్నా."

కానీ ఆయనకి పట్టింది. క్లాసులో నూటికి పదకొండు వచ్చిన పిల్లవాడి తండ్రిని పిలిపించే మనిషి. మర్నాడు యూట్యూబులో ఆ ఆట గురించి వెతికాడు. అన్నీ పూర్తిచేసినవాళ్ళు వీడియోలు పెట్టారు. ఏది ఎక్కడ దొరుకుతుందో, ఏది ముందు చేస్తే టైము కలిసొస్తుందో బాణం గుర్తులు వేసి మరీ చెప్పారు. వాళ్ళు మాట్లాడే తీరు బాపిరాజుకి బాగా తెలిసిందే. ఆయన కూడా పిల్లలకి అలాగే చెబుతాడు.

సింధు లేవకముందే లేచి రిమోటు పట్టుకోవడం అప్పుడు మొదలుపెట్టాడు.

మొదట వేళ్ళు మాట వినలేదు. నెమ్మదిగా అలవాటైంది. ఆటలోని అమ్మాయి చేతిలో ఉన్న కత్తి నాసిరకంది. దాని పదును పెంచాలంటే ఇనపరాయి కావాలి. గని ఒకటే. తవ్వేసిన రాయి మర్నాటికి మళ్ళీ పుడుతుంది. రోజూ పొద్దున్నే అదే గనికి వెళ్ళి అవే రాళ్ళు తవ్వాడు. బలం పెరగడానికి అడవిపందుల్ని చంపాలి. అదే పొద, అదే పంది, అదే దెబ్బ. చంపి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి వస్తే మళ్ళీ పుట్టేది, మళ్ళీ చంపేవాడు. చంద్రుడు ఎటు దిగుతున్నాడో ఆయన చూడలేదు. ఎప్పుడు పొద్దు పొడిచిందో, ఎప్పుడు వాలిందో కూడా చూడలేదు. ఒక మూల అంకె పెరుగుతుంటే లోపల ఏదో సర్దుకున్నట్టుండేది. దాన్నే ఆనందం అనుకున్నాడు. పరీక్ష పేపర్లు దిద్దడం పూర్తయి కట్ట కట్టినప్పుడు కలిగే ఊరట అది. ఆ తేడా ఆయనకి చాలా ఆలస్యంగా తెలిసింది.

నాగేశ్వరి కాఫీ తెచ్చి పక్కన పెట్టి, "పొద్దున్నే ఈ పందులేమిటండీ?" అంది ఒకరోజు.

"అమ్మాయికి కష్టం తప్పుతుందని. ఇదంతా బోరు పని. నేను చేసిపెడితే అది హాయిగా తిరుగుతుంది."

నిజంగానే అలా అనుకున్నాడు.

దీవులన్నిటిలోకీ దూరంగా, పొగలు కక్కే కొండ ఉన్న దీవి ఒకటుంది. ఎక్కణ్ణుంచి చూసినా ఆ పొగ కనిపిస్తుంది. అక్కడికి ఇప్పుడే వద్దని, అన్నీ చూశాక ఆఖర్న ఇద్దరం కలిసి వెళ్దామని సింధు అట్టే పెట్టింది. ఆ దీవి మీద పని చాలా ఉందని, శాతం ఒక్కసారిగా పెరుగుతుందని వీడియోలో విన్నాడు బాపిరాజు. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళాడు. దొంగల్ని తరిమేశాడు, దీపం వెలిగించాడు.

కొన్నాళ్ళకి సింధు పడవ ఎక్కింది. "నాన్నా, రా. ఇవాళ పొగకొండకి." బాపిరాజు వచ్చి కూర్చున్నాడు. చెప్పేద్దామా వద్దా అనుకుంటుండగానే పడవ ఒడ్డు చేరింది. దీవి మీద జనం ఎదురొచ్చి చేతులూపారు. మా ఊరిని కాపాడిన తల్లీ, మళ్ళీ వచ్చావా అన్నారు. కొండ మీద దీపం వెలుగుతోంది.

సింధు చేతిలో రిమోటు అలాగే ఆగిపోయింది.

"వచ్చేశావా ఇక్కడికి?"

"కష్టమైన భాగమంతా అయిపోయిందమ్మా. ఇంక నువ్వు ఎంతసేపైనా తిరగొచ్చు. ఎవడూ అడ్డురాడు."

"నేను రాకుండా వచ్చేశావా?" అని మళ్ళీ అడిగింది. ఆయన జవాబు చెప్పేలోపే, "సర్లే" అంది. ఆ సాయంత్రం కొండ చుట్టూ గుర్రం మీద ఒకసారి తిరిగి వచ్చేసింది.

అక్కడితో ఆగి ఉంటే మళ్ళీ అతుక్కునేదేమో. పటం మీద ఇంకా ఎవరూ అడుగుపెట్టని, మబ్బు కప్పిన చోట్లు కొన్ని మిగిలే ఉన్నాయి. కానీ కత్తికి ఆఖరి మెట్టు ఒకటుంది. దానికి ఆటలోని బంగారు నాణేలు చాలా కావాలి. గనిలో తవ్వితే ఎన్నాళ్ళు పడుతుందో లెక్కేసుకున్నాడు. అప్పుడే కొండ మీద ఇంట్లో అరలు గుర్తొచ్చాయి. దేనికీ పనికిరాని సామాను. దుకాణం వాడు మాత్రం మంచి ధర ఇస్తున్నాడు. గవ్వలు, లాంతరు, పిల్లనగ్రోవి, కుండ, అన్నీ మూట కట్టి అమ్మేశాడు. కత్తి నీలంగా మెరిసింది. శాతం తొంభై దాటింది.

సింధు ఆ రోజు సాయంత్రం ఆటలో కొండ మీద ఇంట్లోకి వెళ్ళి చూసింది. ఖాళీ అరల ముందు ఆ అమ్మాయి బొమ్మ చాలాసేపు నిలబడే ఉంది. బాపిరాజు ఉత్సాహంగా, "కత్తి చూడమ్మా, ఇంతకంటే పెద్దది ఆటలో లేదు" అన్నాడు.

సింధు రిమోటు బల్ల మీద పెట్టింది.

"మీరు ఆడుకోండి నాన్నగారండీ" అని లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆట కట్టేయకుండానే 'మీరు' అనడం ఆయన చెవిన పడింది. అయినా హోమ్‌వర్క్ ఉందేమో అనుకున్నాడు.

నాగేశ్వరి వచ్చింది. "దాని గవ్వలు అమ్మేశారటగా?"

"నిజం గవ్వలా అవి? బొమ్మలు. కావాలంటే మళ్ళీ ఏరుకోవచ్చు."

"లోపల ఏడుస్తోంది అది. అదైతే నిజమే కదండీ?"

గది తలుపు దాకా వెళ్ళాడు. లోపలికి వెళ్తే ఏమనాలో తోచలేదు. సారీ అనాలంటే చేసింది తప్పని ఒప్పుకోవాలి. అప్పటికి ఆయనకి అది తప్పుగా తోచలేదు, చిన్న పొరపాటు అనుకున్నాడు. మర్నాటికి మామూలైపోతుందనుకున్నాడు. తలుపు తట్టకుండా తిరిగొచ్చాడు. ఇప్పుడు ఆ ఆట గురించి తలచుకుంటే గవ్వలు అమ్మడం కన్నా ఆ తలుపు దగ్గర్నుంచి వెనక్కి రావడమే ఆయన్ని ఎక్కువ బాధపెడుతుంది.

మిగిలిన శాతం ఒక్కడే పూర్తిచేశాడు. నూరు అయిన రోజు టీవీ మీద, అంతా పూర్తిచేసినందుకు గుర్తుగా, బంగారు ఆకు ఒకటి మెరిసి మాయమైంది. నాగేశ్వరిని పిలిచి చూపించాడు.

"అయితే ఇప్పుడేమవుతుంది?" అని అడిగిందావిడ.

బాపిరాజు తెరకేసి చూశాడు. దొంగలు లేరు, దాచిందేదీ మిగల్లేదు, పటం మీద ఒక్క మబ్బు లేదు. ఎవరూ ఏ పనీ అడగట్లేదు. "ఏమీ అవదు" అన్నాడు.

కోచింగ్ సెంటరు తెరిచారు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కడం, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగడం మళ్ళీ మొదలైంది. సింధు పది పాసై ఇంటర్ ఆయన దగ్గరే చేరింది. పొద్దున్న ఇద్దరూ ఒకే రైల్లో వెళ్ళేవారు. ఆయన ఫార్ములాలు అడిగేవాడు, ఆ పిల్ల చెప్పేది. మంచి పిల్ల. ఎదురు చెప్పింది లేదు, అలిగింది లేదు. మంచి ర్యాంకే వచ్చింది, ఊళ్ళోనే ఇంజనీరింగు సీటు వచ్చింది. పైకి లోటేమీ లేదు. కానీ ఏ రోడ్డు ఎటు పోతుందో చూద్దామని మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఆదివారం స్కూటరు తీసి, "నాదర్‌గుల్ వెళ్దామా" అని ఆయనే రెండుసార్లు అడిగితే, "చదువుకోవాలండీ" అంది.

కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పే లింగస్వామి ఆయనకి స్నేహితుడు. చిట్యాల దగ్గరి మనిషి, బాపిరాజు కన్నా కాస్త చిన్న. క్లాసుల మధ్య కింద చాయ్ తాగుతూ ఒకరోజు, మా ఇంట్లో పాత వీడియో గేమ్ ఉంది సార్, ఇప్పటికీ ఆడుతుంటానన్నాడు. బాపిరాజు ఆసక్తిగా అడిగాడు.

"ఎంతవరకు వచ్చారు?"

"ఎంతవరకు ఏంది సార్? నాకు గా గేమ్ చెప్పే మిషన్లు, గిషన్లు ఏం తెల్వది. కారెక్కుత, సముద్రం పక్కకెల్లి పోత, ఒక కాడ ఆపి జర సేపు కూసుంట. అంతే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెండ్లి కాకముందు సంది."

"ఒకటే ఆట? విసుగు రాదూ?"

లింగస్వామి నవ్వాడు. "మా ఊరికి పోతే ఇసుగొస్తదా సార్? అవే ఇండ్లు, అదే బాయి. పోయినప్పుడల్లా మంచిగనే ఉంటది."

బాపిరాజు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తరవాత దీవుల ఆట సంగతంతా చెప్పాడు. పందులు, పొగకొండ, అరలు, అన్నీ. బయటివాళ్ళకి చెప్పడం అదే మొదలు. లింగస్వామి నవ్వకుండా విన్నాడు.

"ఒకటనాల్నా సార్, ఏమనుకోవద్దు. బిడ్డ తిరగనీకె పోతుంటే మీరు దాన్ని గుడ సిలబస్ లెక్క కంప్లీట్ జేసిండ్రు."

"అవును" అన్నాడు బాపిరాజు. "రివిజను కూడా చేశాను."

"మల్ల మొదట్నుంచి పెట్టుండ్రి. ఇద్దరు గూసోండ్రి. పరేషాన్ గాకుండ్రి, మాట ఇంటది బిడ్డ."

ఆ మాట పట్టుకుని, సింధుకి సెమిస్టరు సెలవలిచ్చినప్పుడు పెట్టెని దుమ్ము దులిపి టీవీకి తగిలించాడు. కొత్త ఆట అని నొక్కి, రిమోటు కూతురి చేతికిచ్చాడు.

"మొదట్నుంచీ ఆడదామమ్మా. నేను ముట్టుకోను. నువ్వే ఎటు తీసుకెళ్తే అటు."

సింధు ఆయన మొహంలోకి చూసి కూర్చుంది. ఓడ మునిగింది. అమ్మాయి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. తెల్లవారుతోంది, సముద్రం పక్షుల అరుపులు. బాపిరాజు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. సింధు పెదవుల మీద సన్నగా నవ్వొచ్చింది. కొబ్బరిచెట్ల మధ్య నుంచి నడిపించింది, వాగు దాటించింది. గడ్డిలో బూడిదరంగు గుర్రం మేస్తోంది.

"ఎడమపక్క గుహ ఉంది, అందులో తాడు దొరుకుతుంది" అన్నాడు బాపిరాజు.

అనేశాక నాలిక కరుచుకున్నాడు. సింధు ఎడమపక్కకి తిప్పింది. తాడు దొరికింది. బాపిరాజు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వంతెన దగ్గర సింధు ఆగి అటూ ఇటూ చూస్తుంటే చేయి దానంతటదే లేచింది. "అటెళ్ళకు, అక్కడేమీ ఉండదు."

"తెలుసండీ" అంది సింధు మెల్లగా.

మరి కాసేపు ఆడి, ఫోను చూసుకుని, "ఫ్రెండ్స్ వస్తున్నారండీ, వెళ్ళాలి" అని లేచింది. రిమోటు జాగ్రత్తగా ఆయన పక్కనే పెట్టింది. కోపంగా ఏమీ లేదు. కోపంగా ఉంటే బావుండేదని బాపిరాజుకి అనిపించింది.

ఆ లోకాన్ని రెండోసారి చూడాలంటే కొంతైనా మరచిపోవాలి. ఆయనకి ఏదీ మరుపు రాదు. ఏ రాయి కింద ఏముందో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలడు. లింగస్వామి చెప్పిన ఇంకో ఆట కూడా తెచ్చుకుని ఒంటరిగా ప్రయత్నించాడు. అందులో పెద్ద అడవి, నది, మంచు కొండలు. నది ఒడ్డున కూర్చుందామనుకున్నాడు. కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ కన్ను తెర మూలనున్న పటం మీదికే పోయింది, ఎన్ని గుర్తులున్నాయో లెక్కపెడుతూ. తనని తాను ఎలా తయారుచేసుకున్నాడో అప్పుడర్థమైంది. ఆట కట్టేసి, పెట్టెను అట్టపెట్టెలో పెట్టి అటక మీద పెట్టాడు.

ఇంజనీరింగు చదువుతుండగానే సింధుకి రాయదుర్గం వైపు ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. రోజూ తిరగలేక అక్కడే హాస్టల్లో ఉంటోంది. చిన్నప్పట్నుంచీ కలిసి చదివిన సౌజన్య ఆమెతోనే ఉంటుంది. ఆదివారాలు ఇంటికొస్తుంది.

ఈ మధ్య ఒక ఆదివారం భోజనాలయ్యాక సింధు బాల్కనీలో ఫోనులో మాట్లాడుతోంది. హాల్లో పేపరు చదువుతున్న బాపిరాజుకి మాటలు వినబడ్డాయి.

"ఏ సౌజన్యా, నువ్వు ముందుగాల పోకే. నేనొచ్చినంక ఇద్దరం పోదాం. ఏం ముట్టకు, గట్లనే ఉండనియ్. ప్రామిస్?"

ఫోను పెట్టాక బాపిరాజు బాల్కనీలోకి వెళ్ళాడు.

"ఎక్కడికమ్మా వెళ్ళేది?"

సింధు ఒక్క క్షణం తడబడింది. "ఒక గేమండీ. నేను, సౌజన్య ఆడుతున్నాం. కలిసి కొనుక్కున్నాం."

"పెద్ద లోకమేనా?"

"చాలా పెద్దదండీ."

ఆయన రెయిలింగు పట్టుకుని కింద రోడ్డు మీద పోయే ఆటోని చూస్తూ, "ఒకసారి మీ హాస్టల్ వైపు వచ్చినప్పుడు చూపిస్తావా? మాట్లాడను. ఊరికే చూస్తాను" అన్నాడు.

సింధు చాలా మర్యాదగా చెప్పింది. "వద్దండీ నాన్నగారూ. ఇది మాకే ఉండనివ్వండి."

"సరేనమ్మా" అన్నాడు బాపిరాజు. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. లోపలికి వెళ్ళిపోతే బావుండదని ఇద్దరికీ అనిపించినట్టుంది.

"ఆ రోజు నేను లోపలికి వచ్చి ఉండాల్సింది" అన్నాడు ఆయన హఠాత్తుగా. "నువ్వు ఏడ్చిన రోజు. తలుపు దాకా వచ్చాను."

"తెలుసండీ. తలుపు కింద సందులోంచి మీ కాళ్ళు కనిపించాయి."

బాపిరాజు తలొంచుకున్నాడు. ఆ పిల్లకి ఇన్నేళ్ళూ తెలుసన్నమాట. వచ్చాడనీ, తట్టకుండా వెళ్ళిపోయాడనీ.

సింధు ఆయన్ని ఓదార్చే మాటేదీ అనలేదు. కాసేపయ్యాక తనే మొదలుపెట్టింది. "ఆ గేములో ఒక ఊరుంది నాన్నగారండీ. ఊరికి ముందు రాతి వంతెన. మొన్న దాని కింద నిలబడ్డాం. వాన పడుతోంది. ఊళ్ళోకి వెళ్ళాలి నిజానికి, కానీ వాన తగ్గేదాకా అక్కడే ఉన్నాం. వంతెన మీంచి బళ్ళు వెళ్తుంటే గలగలమని చప్పుడు వస్తుంది. బావుంటుంది."

"తరవాత?"

"తరవాతేం లేదండీ. వాన తగ్గింది."

ఆయనకి అడగాలనిపించినవి చాలా ఉన్నాయి. ఒక్కటీ అడగలేదు. వంతెన కింద నిలబడి వాన చూస్తున్న ఇద్దరు అమ్మాయిల్ని ఊహించుకోవడానికి ప్రయత్నించాడు. వాన కనిపించింది కానీ వాళ్ళ మొహాలు కనిపించలేదు.

సాయంత్రం స్కూటరు మీద ఎల్బీ నగర్ స్టేషను దాకా దింపాడు. జిల్లాల బస్సులు దిగిన జనంతో ఫ్లైఓవరు కింద అంతా తోపులాటగా ఉంది. సింధు బ్యాగు భుజాన వేసుకుని, "నెమ్మదిగా వెళ్ళండి" అని మెట్లెక్కేసింది. ఆమె కనిపించినంతసేపూ నిలబడి, వెనకాల బస్సు హారను కొడితే బండి తీశాడు.

ఇంటికొచ్చాక నాగేశ్వరి అడిగింది. "బాల్కనీలో అంతసేపు ఏం మాట్లాడుకున్నారు తండ్రీకూతుళ్ళు?"

"ఒక వంతెన గురించి" అన్నాడు.

ఇంకేమైనా చెబుతాడేమోనని ఆవిడ కాసేపు చూసింది. ఆయన దగ్గర అంతకుమించి లేదు.